మీరడిగారు: తెల్లటోపీ అమ్మాయిల ప్రేమ నవలలు

కిందటి సంచికలో అమెరికాలో ఉండే ఆమిష్ వాళ్ళ ప్రేమ నవలల గురించి ఒక చిన్న బాక్స్ ఐటెమ్ వేశాం కదా, కారు కొనకుండా, ఇంటికి కరెంటు లైను లాగించుకోకుండా గుర్రబ్బళ్ళ మీద తిరిగే క్రైస్తవ సంఘంలో జరిగే కథలు అని. నాలుగు లైన్లు రాసి ఊరుకుందామనుకుంటే ఉత్తరాలు, మెయిళ్ళు, వాట్సాప్‌లు వచ్చిపడ్డాయి, అందుకని ఈసారి కాలమ్ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా. వంకాయ చెట్టుకి పురుగు పట్టిందని రాసిన ఆవిడా, పాస్‌పోర్టు గురించి అడిగిన బాబూ, మీ ఇద్దరికీ వచ్చే సంచికలో.

ప్రశ్న: అక్కా, మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు పెన్సిల్వేనియాలో ఆమిష్ వాళ్ళుండే లాంకాస్టర్ తీసుకెళ్ళాం. బగ్గీ రైడ్ అయ్యాక ఒక గిఫ్ట్ షాపులోకి వెళ్తే ర్యాక్ నిండా ఇవే నవలలు, ఏ కవర్ చూసినా తెల్లటోపీ పెట్టుకున్న అమ్మాయి, వెనకాల చేను. ఇవి ఆమిష్ వాళ్ళే రాసుకుంటారా, ఎవరు కొంటారసలు? (పాఠకురాలు, న్యూజెర్సీ)

రాసేది దాదాపుగా వాళ్ళు కాదమ్మా, ఎక్కువగా కొనేదీ వాళ్ళు కాదు. అమెరికాలో ఎవాంజెలికల్ చర్చిలకి వెళ్ళే ఆడవాళ్ళు రాస్తారు, అలాంటి ఆడవాళ్ళే చదువుతారు, క్రైస్తవ పుస్తకాలు వేసే పబ్లిషర్లు అచ్చేస్తారు. దీనికంతటికీ ఊపు తెచ్చింది 1997లో వచ్చిన ‘ద షనింగ్’ (అంటే వెలి) అనే నవల. రాసినావిడ బెవర్లీ లూయిస్, పుట్టింది లాంకాస్టర్‌లోనే, ఆవిడ అమ్మమ్మ ఓల్డ్ ఆర్డర్ మెన్నొనైట్ కుటుంబంలో (ఆమిష్ వాళ్ళకి దాయాదుల్లాంటి, పాత పద్ధతులు వదలని సంఘం) పుట్టి బయటి అబ్బాయిని చేసుకోడానికి ఆ పద్ధతులన్నీ వదిలేసి వచ్చేసిందట, ఆ కథే మనసులో పెట్టుకుని రాశారు. పెళ్ళికి ముందు అటక మీద ఒక శాటిన్ పసిపిల్ల గౌను దొరుకుతుంది హీరోయిన్‌కి, ఆమిష్ ఇంట్లో శాటిన్ ఎక్కడిది అని తీగ లాగితే డొంకంతా కదులుతుంది. పది లక్షల కాపీలు దాటిపోయింది ఆ పుస్తకం, 2011లో టీవీ సినిమాగా కూడా తీశారు.

ఇక అక్కడినుంచి వరదే. వాలెరీ వీవర్-జర్చర్ అని ఒకావిడ ఈ నవలల మీదే ఒక మంచి పరిశోధన పుస్తకం రాశారు, 2013లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ఆవిడ లెక్క ప్రకారం 2002లో కొత్తగా వచ్చిన ఆమిష్ ప్రేమ నవలలు 2, 2012 వచ్చేసరికి 85. అంటే నాలుగు రోజులకొకటి! మన వారపత్రికల్లో సీరియళ్ళు ఏలిన రోజుల్లో కూడా ఇంత స్పీడు లేదనుకుంటా. మధ్యలో 2006 అక్టోబర్ 2న నికెల్ మైన్స్ అనే ఊళ్ళో ఒకడు ఆమిష్ బడిలోకి దూరి కాల్పులు జరిపితే అయిదుగురు ఆడపిల్లలు చనిపోయారు, ఆ పిల్లల పెద్దవాళ్ళు కాల్చినవాడి ఇంటికెళ్ళి వాడి కుటుంబాన్ని ఓదార్చారు, వాడి అంత్యక్రియలకి కూడా వెళ్ళారు. ఆ వార్త చదివాక ఎవరు వీళ్ళు, ఎలా బతుకుతారు అని అమెరికా అంతా అటు తిరిగి చూసింది, నవలల వాళ్ళకి అది కూడా కలిసొచ్చిందని చెప్పుకోడానికి ఇబ్బందిగానే ఉంటుంది కానీ నిజం.

అలాగని వీళ్ళ మీద నవలలు 1997లోనే పుట్టలేదు. హెలెన్ రీమెన్‌స్నైడర్ మార్టిన్ అనే ఆవిడ 1904లో మెన్నొనైట్ అమ్మాయి మీదా, 1905లో ఆమిష్ అమ్మాయి మీదా రాశారు, వాటిల్లో ఈ సంఘాల వాళ్ళు మొరటు మనుషుల్లా కనపడతారు. జోసెఫ్ యోడర్ అని ఆమిష్ ఇంట్లో పుట్టిపెరిగిన ఆయనకి ఇలాంటి రాతలు చూసి ఒళ్ళు మండి, 1940లో వాళ్ళమ్మ కథనే ‘రోసన్నా ఆఫ్ ద ఆమిష్’ అని రాశారు. ఐరిష్ కాథలిక్ తల్లిదండ్రులకి పుట్టి, ఆమిష్ ఆవిడ చేతుల్లో పెరిగి, ఆమిష్ సంఘంలోనే కలిసిపోయిన అమ్మాయి. ఇప్పుడొస్తున్న వాటిల్లో చాలావాటికంటే నాకు అదే నచ్చుతుంది, ఎందుకంటే వంటా వార్పూ చర్చీ చేనూ అన్నీ లోపలినుంచి చూసినవాడు రాసినవి.

ప్రశ్న: మేడమ్, ముద్దు కూడా సరిగ్గా ఉండదంట, ఫోన్లు లేవు, ఛాటింగ్ లేదు, విలన్ లేడు. మూడొందల పేజీలు ఏం రాస్తారు? (డిగ్రీ సెకండియర్, విజయవాడ)

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా. చూడు బాబూ, విలన్ లేడు గానీ గడువు ఉంది, ఆ గడువు పేరు బాప్తిస్మం.

ఆమిష్ వాళ్ళు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. 1525లో జూరిక్‌లో మొదలైన గొడవే అది, ఊహ తెలిసి ఒప్పుకున్నవాళ్ళకే ఇవ్వాలన్నందుకు వీళ్ళ పూర్వీకుల్ని నీళ్ళలో ముంచారు, తగలబెట్టారు. కాబట్టి ఇప్పటికీ పిల్లలు పెద్దయ్యాక, చాలావరకు 18 నుంచి 22 మధ్యలో, వేసవంతా క్లాసులకి కూర్చుని 1632 నాటి విశ్వాస ప్రకటనలో 18 అంశాలు చదువుకుని, అప్పుడు మోకాళ్ళ మీద నిలబడి సంఘం ముందు మాటిస్తారు. అక్కడే ఉంది మెలిక. మాటివ్వకముందే వెళ్ళిపోతే అమ్మానాన్నా ఏడుస్తారు, అంతే, నిన్నెవరూ వెలివెయ్యరు, పండక్కి ఇంటికొచ్చి భోంచేసి వెళ్ళొచ్చు. మాటిచ్చాక వెళ్ళిపోతే మాత్రం వెలి, అంటే కట్టుదిట్టంగా ఉండే సంఘాల్లో నువ్వు ఇంటికొస్తే నీకు వేరే బల్ల వేస్తారు, నీ చేతినుంచి వస్తువు కూడా తీసుకోరు. కన్నతల్లి కూడా. ఇంకో సంగతేంటంటే ఇద్దరూ బాప్తిస్మం తీసుకుంటేనే సంఘంలో పెళ్ళి.

ఇప్పుడు కథ కట్టి చూడు. 16 ఏళ్ళు దాటిన పిల్లలకి ఆదివారం సాయంత్రాలు పాటల కూడికలుంటాయి, ఒక ఇంట్లో బల్లకి అటు అమ్మాయిలు ఇటు అబ్బాయిలు కూర్చుని పాడతారు, అయ్యాక నచ్చిన అమ్మాయిని అబ్బాయి తన బగ్గీలో ఇంటిదాకా దింపుతాడు. అమ్మాయికి ఇష్టమే, కానీ అబ్బాయి ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు, ఊరవతల ఎక్కడో కారు దాచాడని పుకారు. అమ్మాయి మాటిచ్చేసింది. అతను వెళ్ళిపోతే తను వెంట వెళ్ళలేదు, వెళ్తే తల్లి పక్కన కూర్చుని అన్నం తినలేదు. ఫోన్ ఉంటే ఈ కథ రెండు మెసేజీల్లో అయిపోయేది! లేదు కాబట్టి ఉత్తరం రావాలి, ఆ ఉత్తరం తండ్రి చేతిలో పడాలి, అమ్మాయి గుమ్మంలో నిలబడి ఆయన మొహం చూడాలి.

నేను చదివినంతలో ఈ నవలల్లో ప్రేమంటే అబ్బాయికీ అమ్మాయికీ మధ్య మాత్రమే కాదు, మూడో మనిషి ఒకడుంటాడు, ఆ మూడో మనిషి సంఘం. బాగా రాసిన నవలలో సంఘం కూడా ప్రేమించదగ్గదిగా ఉంటుంది, కొట్టం తగలబడితే మర్నాడే వందమంది వచ్చి కట్టిపెడతారు, జబ్బు చేస్తే ఆస్పత్రి బిల్లు అందరూ వేసుకుని కడతారు, అందుకే వదలడం కష్టం. చెత్త నవలలో సంఘాన్ని సవితి తల్లిని చేసేస్తారు, లేదంటే చీకూ చింతా లేని స్వర్గం చేసేస్తారు, రెంటిలో ఏది చేసినా కథ చచ్చిపోతుంది. మంచి నవలో కాదో తేల్చడానికి నా కొలబద్ద ఇదొక్కటే.

16 ఏళ్ళు దాటాక బాప్తిస్మం తీసుకునేదాకా ఉండే ఈ కాలాన్ని రమ్‌స్ప్రింగా అంటారు, దాన్ని టీవీలో చూపించినట్టు తాగి తందనాలాడ్డం అనుకోకు. అలాంటివాళ్ళూ ఉంటారు గానీ ఎక్కువమందికి అది వాలీబాలు, పాటలు, జతకోసం వెతుక్కోడం. చివరికి నూటికి 85 మంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువమందే, లోపలే ఉండిపోతారు. 1900 ప్రాంతంలో అయిదారు వేలమంది ఉన్న జనం 2024కి నాలుగు లక్షలు దాటారంటే మరి, పిల్లలు ఎక్కువమందిని కనడం, కన్నవాళ్ళు వెళ్ళకపోడం.

ప్రశ్న: ప్రతి నవల్లోనూ పెళ్ళనగానే సెలరీ సెలరీ అంటున్నారు, ఎందుకండీ? మనకి అరిటాకుల్లాగా వాళ్ళకది ఆచారమా? (గృహిణి, రాజమండ్రి)

భలే పట్టుకున్నారు. లాంకాస్టర్ వైపు పెళ్ళిళ్ళు పంటలైపోయాక చేస్తారు, అక్టోబర్ చివర్నుంచి డిసెంబర్ దాకా, అదీ మంగళ గురువారాల్లోనే. ఈమధ్య జనం పెరిగి తేదీలు చాలక మిగతా నెలల్లో కూడా చేస్తున్నారు. రెండొందలనుంచి నాలుగొందలమంది భోజనాలు ఇంట్లోనే, కోడిమాంసం బ్రెడ్డుముక్కలు కలిపి కాల్చిన రోస్టు, మెదిపిన బంగాళదుంప, దాంతోపాటు తెల్ల సాసులో ఉడికించిన సెలరీ, అంటే పొడుగు కాడలుండే ఒక కూరమొక్క. పచ్చి కాడలైతే గాజు గ్లాసుల్లో నిలబెట్టి బల్లల మీద పూలకి బదులు పెడతారు. అంతమందికి సెలరీ కావాలంటే జులైలోనే పెరట్లో మళ్ళకి మళ్ళు నాటాలి కదా, నాటితే పక్కింటావిడకి తెలిసిపోతుంది కదా! ఎందుకంటే అక్కడ పెళ్ళి కుదిరిన సంగతి రహస్యం, శరదృతువులో ప్రభువు బల్ల ఆరాధన అయ్యాక పెళ్ళికి కొద్దివారాల ముందు సంఘంలో ప్రకటిస్తే తప్ప బయటికి చెప్పరు. అందుకని నవల్లో ఎవరైనా పొరుగావిడ దడి మీంచి తొంగిచూసి ‘ఈ ఏడు సెలరీ బాగా వేశారే’ అందంటే అది మామూలు మాట కాదు.

పెళ్ళికూతురు చీర, అదే గౌను, తనే కుట్టుకుంటుంది, ఎక్కువగా నీలం రంగు. ఉంగరాలు లేవు, పూలగుత్తి లేదు, ఫోటోలు లేవు, ముద్దు లేదు, మూడు గంటల పైన ఆరాధన. ఆరోజు వేసుకున్న తెల్ల ఏప్రన్ దాచిపెడతారు, మళ్ళీ ఆవిడకి వేసేది పోయినప్పుడే. ఈ ఏప్రన్ సంగతి ఎంతమంది నవలాకారిణులు వాడుకున్నారో లెక్కేలేదు, అయినా చదివిన ప్రతిసారీ నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్ళు. ఇవి ఇవ్వొచ్చా? (తల్లి, వైజాగ్)

నిక్షేపంగా ఇవ్వండి, ఎవరూ బట్టలు విప్పరు. కాకపోతే ఎనిమిదో తరగతితో చదువు ఆపేయడం హాయిగా ఉన్నట్టు రాస్తారు, అది వాళ్ళు 1972లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తెచ్చుకున్న హక్కు, మీ అమ్మాయికి టెన్త్ ముందు ఆ ఐడియా రాకుండా చూసుకోండి.

ప్రశ్న: మాది ఎం.బి. చర్చి, అంటే మెన్నొనైట్ బ్రెదరెన్. తాతల కాలంనుంచి మేము మెన్నొనైట్లమే అని పాస్టరుగారు చెప్తారు. మీ బాక్స్ ఐటెమ్ చదివి మా పిల్లలు ‘మరి మన గుర్రబ్బండి ఏదీ’ అని ఒకటే నవ్వు. వాళ్ళకీ మాకూ ఏమన్నా చుట్టరికం ఉందా? (పాఠకుడు, మహబూబ్‌నగర్)

ఉందండీ, మంచి చుట్టరికమే, కాకపోతే దూరపు దాయాదులు. మూలపురుషులు ఒకరే, పైన చెప్పిన జూరిక్ వాళ్ళు. 1536లో మెన్నో సైమన్స్ అనే డచ్చి కాథలిక్ ఫాదర్ తన పదవి వదిలేసి వీళ్ళలో కలిశాడు, ఆయన పేరుమీదే మెన్నొనైట్లు అయ్యారు. 1693లో స్విట్జర్లాండ్, ఆల్సాస్ వైపు జాకబ్ అమ్మన్ అనే పెద్ద, వెలి విషయంలో ఇంకా గట్టిగా ఉండాలని పట్టుబట్టి విడిపోయాడు, ఆయన వెనక వెళ్ళినవాళ్ళు ఆమిష్ వాళ్ళు. మీ శాఖ పూర్తిగా వేరే దారి. హాలెండ్, ప్రష్యా మీదుగా రష్యా సామ్రాజ్యంలోకి, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతానికి వలసపోయిన మెన్నొనైట్లలో 1860లో మెన్నొనైట్ బ్రెదరెన్ పుట్టింది. అక్కడినుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889-90 ప్రాంతంలో నల్గొండ వచ్చారు, తర్వాత 1899లో అమెరికానుంచి హీబర్ట్ దంపతులు హైదరాబాద్ వచ్చారు, ఆ పైన మీ మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి, గద్వాల, దేవరకొండ, నాగర్‌కర్నూల్, శంషాబాద్ ఇవన్నీ వాళ్ళ కేంద్రాలయ్యాయి. శంషాబాద్‌లో 1932లో పుట్టిన పాల్ హీబర్ట్ పెద్దయ్యాక పేరున్న ఆంత్రొపాలజిస్టు అయ్యి, తెలంగాణ పల్లె మీద ‘కొండూరు’ అని పుస్తకం రాశారు, దొరికితే చూడండి.

కాబట్టి మీ పిల్లలకి చెప్పండి, గుర్రబ్బండి అందరు మెన్నొనైట్లకీ లేదు. అమెరికాలో కూడా ఎక్కువమంది మెన్నొనైట్లు కార్లలో తిరుగుతారు, ఉద్యోగాలు చేస్తారు, బగ్గీలు నడిపేది ఓల్డ్ ఆర్డర్ అనే కొన్ని శాఖలే. ఆఫ్రికా ఆసియా లాటిన్ అమెరికా కలిపితే ఉత్తర అమెరికాకంటే అక్కడే ఎక్కువమంది ఉన్నారు. నవలల కవర్ల మీద మాత్రం ఎప్పుడూ ఆ తెల్లటోపీ అమ్మాయే. దేవరకొండలో చీరకొంగు తలమీద కప్పుకుని పాట పాడే అమ్మాయి కూడా మెన్నొనైటే, ఆ అమ్మాయి ప్రేమకథ ఎవరైనా రాస్తే మొదట నేనే కొంటా.

ప్రశ్న: వీటిల్లో నిజమెంత? ఆమిష్ వాళ్ళు చదివితే నవ్వుకోరా? (రిటైర్డ్ టీచరు, ఖమ్మం)

కొందరు నవ్వుకుంటారు, కొందరు ఇష్టంగానే చదువుతారు మాస్టారూ, ఆమిష్ ఆడవాళ్ళలోనే వీటికి పాఠకులున్నారు, వద్దనే పెద్దలూ ఉన్నారు. పైపై తప్పులు సరదాగా ఉంటాయి, కవర్ మీద అమ్మాయికి లిప్‌స్టిక్కూ, టోపీలోంచి జారిన ముంగురులూ, లాంకాస్టర్ కథకి నల్ల బగ్గీ. లాంకాస్టర్‌లో బగ్గీలు బూడిదరంగు, నల్లవి ఒహాయో ఇండియానా వైపు. అసలు తేడా లోపల ఉంది. నవల్లో హీరోయిన్ కష్టమొచ్చినప్పుడు కళ్ళు మూసుకుని దేవుడితో ఫ్రెండుతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది, నాకు రక్షణ దొరికింది అని గట్టిగా చెప్తుంది. అది రాసినావిడ చర్చి భాష. ఆమిష్ వాళ్ళు భోజనానికి ముందూ తర్వాతా మౌనంగా తలవంచుతారు, పుస్తకంలో ఉన్న జర్మన్ ప్రార్థనలు చదువుతారు, నాకు రక్షణ ఖాయం అనడం గర్వం కిందికి వస్తుందని ఆశ ఉంది అని మాత్రమే అంటారు. అంటే ఆమిష్ గౌను వేసిన ఎవాంజెలికల్ అమ్మాయి అన్నమాట, చాలా నవలల్లో. చదివేవాళ్ళకి కావలసింది కూడా అదేనేమో, తమలాంటి మనసు, తమకి లేని తీరిక.

నొప్పి కలిగించే సంగతులు ఇందులో తక్కువ. అవి కావాలంటే మిరియం టేవ్స్ దగ్గరికి వెళ్ళాలి, కెనడాలో మనిటోబా రాష్ట్రంలో స్టైన్‌బాక్ అనే మెన్నొనైట్ ఊళ్ళో పుట్టిన రచయిత్రి, 2018లో వచ్చిన ‘విమెన్ టాకింగ్’ ఆవిడదే, బొలీవియాలో ఒక మెన్నొనైట్ కాలనీలో ఆడవాళ్ళ మీద నిజంగా జరిగిన అఘాయిత్యాలు దానికి ఆధారం. అది ప్రేమ నవల కాదు, రాత్రిపూట చదవకండి. సొంతంగా ఆమిష్ సంఘంలో ఉంటూనే రాసేవాళ్ళు కావాలంటే లిండా బైలర్ ఉన్నారు, ఆవిడ లిజ్జీ కథల్లో పిల్లలు పోట్లాడుకుంటారు, అప్పులుంటాయి, హీరోయిన్‌కి లావైపోతున్నానని బెంగ, చదువుతుంటే అబ్బ ఇది ఇల్లు అనిపిస్తుంది.

ప్రశ్న: అక్కా నేనొక నవల మొదలుపెట్టా. హీరో గుంటూరు కుర్రాడు, పిట్స్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్. బండి చెడిపోయి ఒక ఆమిష్ ఇంట్లో తలదాచుకుంటాడు, వాళ్ళమ్మాయిని ప్రేమిస్తాడు, చివర్లో ఆమిష్‌గా మారిపోతాడు. వర్కవుట్ అవుతుందా? (రచయిత, ఊరు రాయలేదు)

వర్కవుట్ చెయ్యొచ్చు తమ్ముడూ, కానీ సుఖంగా చెయ్యకు. బయటినుంచి వచ్చి ఆమిష్ అయినవాళ్ళు నిజంగా చాలా కొద్దిమందే, వాళ్ళలో కూడా కొందరు నిలవలేక వెళ్ళిపోయారు. నీ హీరో ముందు పెన్సిల్వేనియా జర్మన్ నేర్చుకోవాలి, ఇంట్లో వాళ్ళు మాట్లాడేది అదే, ఇంగ్లీషు బడిలో నేర్చుకుంటారు. ఆరాధనలో 16వ శతాబ్దంలో జైల్లో పడ్డ వాళ్ళ పూర్వీకులు రాసుకున్న కీర్తనలు సాగదీసి సాగదీసి పాడతారు, రెండో పాట ఒక్కటే ఇరవై నిమిషాలు పట్టొచ్చు, అతను కిక్కురుమనకుండా కూర్చోవాలి. ఏళ్ళతరబడి వాళ్ళ మధ్య ఉండి పనిచేసి చూపించాలి, అప్పుడు బాప్తిస్మం మాట. గుంటూర్లో వాళ్ళమ్మకి వీడియో కాల్ ఉండదు, పొలం చివర ఫోను కోసం ఒక చిన్న చెక్కగది ఉంటుంది, అక్కడికి నడిచివెళ్ళి చెయ్యాలి, ఆవిడ ఎత్తకపోతే వాయిస్ మెసేజ్ పెట్టి రావాలి. ఆవిడ ఊరుకుంటుందా? ఆవిడ మీద ఒక అధ్యాయం రాయి, అసలు నవల అక్కడ ఉంది. మొదటి చాప్టర్లో వాన, ఉరుములు, తలుపు తియ్యగానే లాంతరు వెలుగులో అమ్మాయి, ఇదంతా తీసెయ్యి, తలుపు తీసేది వాళ్ళ నాన్నే.

ఇంకోటి, నువ్వు పంపిన పేజీల్లో పెళ్ళయ్యాక హీరో కోరమీసం దువ్వుకుంటున్నాడు. అక్కడ పెళ్ళైన మగాడికి గడ్డం తప్పనిసరి, మీసం మాత్రం ఉండకూడదు, మీసాలంటే వాళ్ళకి పాతకాలం సైనికులు గుర్తొస్తారు, వీళ్ళేమో ఆయుధం పట్టనివాళ్ళు. గుంటూరు కుర్రాడు ప్రేమకోసం కరెంటు వదిలేశాడంటే నమ్ముతాను గానీ, మీసం ఎలా తీశాడో నాకు కనీసం రెండు పేజీలు కావాలి.